సత్తెమ్మత్త గూడ వేసిన రోజు

ఈ ఉదయం ఆరున్నరకు నిడదవోలులో పెట్రోలు బంకువాళ్ళు ‘డీజిల్ లేదు’ అని బోర్డు పెట్టారు. నేలమీద ఒలికిన డీజిల్ వాసనకు మా పక్కపొలం సత్తెమ్మత్త గుర్తొచ్చింది. ఆవిడ పోయి నెలయింది.

నా చిన్నప్పుడు ఎక్కడో యుద్ధమని డీజిల్ దొరక్క మా ఇంజను ఆగిపోయింది. నారుమడి ఎండిపోతోంది. అమ్మా, అత్తా ఎదురెదురుగా నిలబడి, తాళ్ళు కట్టిన గూడను ఊపుతూ కాలవ నీళ్ళు మా మడిలోకి తోడారు. అది ఆటనుకున్నాను.

“నేనూ ఆడతానత్తా!”

“రావే తల్లీ. మీ అమ్మ ఎలాగూ ఓడిపోయింది.”

ఒక్క ఊపుకే నా అరచేతులు మండాయి. అత్త చేతులు అప్పటికే బొబ్బలెక్కాయి.

“మరి మీ మడో, వదినా?” అంది అమ్మ.

“మాది రేపులే. ముందు దీన్ని తాగనీ.”

అత్త మడీ ఎండుతోందని నాకప్పుడు తట్టలేదు. ఆ ఏడు మేం తిన్న అన్నం ఆ చేతుల చలవే.

ఇప్పుడు మా వైపు ఎవరూ గూడ వెయ్యరు.