చేతికి తెలియని దెబ్బ

మా పక్కింటి పెద్దమ్మ పోయారు. కాకినాడ నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను అరబ్బు దేశంలో, దుఖాన్ అనే ఊళ్లో, మా వంటింట్లో చాయ్ పెడుతున్నాను. ఆ పిల్ల చెప్పింది విని పొయ్యి ఆపాను. ఏం చేయాలో తోచక మళ్లీ వెలిగించాను.

మాకు చుట్టరికం ఏమీ లేదు. నాది నిజామాబాద్ వైపు, ఆవిడది గోదావరి వైపు. కంపెనీ క్వార్టర్స్‌లో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. నాకు గోల్ఫ్ నేర్పింది ఆవిడే. ఆ సంగతి మా అమ్మకి ఇప్పటికీ మింగుడు పడదు. "దుబాయ్ పోయి ఎండల బంతి కొట్టుకుంట తిరుగుతున్నవా? ఇంట్ల అన్నం ఎవరు వండుతున్నరు?" అంటుంది. ఆమెకి ఎడారి దేశాలన్నీ దుబాయే.

మా దగ్గరి మైదానంలో గడ్డి మొలవదు. అంతా ఇసుక, రాళ్లు. అందుకని ఆడేవాళ్లు చాపముక్కంత ప్లాస్టిక్ గడ్డి వెంట పెట్టుకుని తిరుగుతారు. బంతి ఆగినచోట దాన్ని పరిచి, మీద బంతి పెట్టి కొడతారు. పెద్దమ్మది మధ్యలో అరిగి బోడి అయిపోయిన ముక్క. పంజాబీ డ్రెస్, బూట్లు, వాళ్లాయనగారి పాత టోపీ, చంకలో ఆ ముక్క. ఆవిడ అలా బయలుదేరితే వీధిలో మగవాళ్లు నవ్వు ఆపుకునేవాళ్లు. ఒకసారి ఆవిడతో ఆడినవాళ్లు మాత్రం మళ్లీ నవ్వలేదు.

నాకు చాలా రోజులు బంతే ఇవ్వలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే పెరట్లో నిలబెట్టి, కళ్లు మూసుకుని ఉత్త కర్ర ఊపమనేవారు. తను కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా ఆ గాలి చప్పుడు వినేవారు.

"ఊహూ. తొందరపడ్డావు."

"చూడకుండ ఎట్ల చెప్తున్నరు పెద్దమ్మా?"

"పోపు మాడితే పక్క గదిలో ఉన్నా తెలీదూ? ఇదీ అంతే. చేయగా చేయగా ఒంటికే తెలుస్తుంది. మళ్లీ ఊపు."

నాది ముక్కుమీద కోపం. మైదానం చివర ఒక రాళ్ల గుంట ఉంది, బంతిని దాని అవతలికి కొట్టాలి. నేను ఉన్న బలమంతా పెట్టేదాన్ని. బంతి వెళ్లి రాళ్లలోనే పడేది. కర్ర నేలకేసి కొట్టేదాన్ని. ఆవిడ నాతోపాటు దిగి, బంతి దొరికేదాకా వెతికి, దొరికాక "ఇవాళ ఏం కూర?" అనేవారు. నన్ను అంత ఓపికగా భరించినవాళ్లు ఇంకెవరూ లేరు.

పోయిన వేసవిలో జబ్బు బయటపడింది. ఇక తిరిగి రారని మాకందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఊరెళ్లేముందు ఆ అరిగిన ముక్క నా చేతిలో పెట్టారు. "గుంట దాటిన రోజున ఫోన్ చెయ్యి అమ్మాయ్. నేనుండగానే దాటించు," అన్నారు.

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. డ్యూటీ అయిపోగానే మైదానానికి పరుగెత్తేదాన్ని. ఆవిడ వినాలన్న ఆత్రానికి బంతి ఇంకా ఇవతలే పడేది. చివరికి ఒక శుక్రవారం పొద్దున, పెరట్లోలాగే కళ్లు మూసుకుని ఉత్త కర్ర ఊపుతూ చాలాసేపు ఉండిపోయాను. తర్వాత అదే ఊపుతో బంతిని కొట్టాను. తలెత్తేసరికి గుంట అవతల ఇసుకలో తెల్లగా కనిపించింది.

అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. వాళ్లమ్మాయి ఫోన్ ఆవిడ చెవి దగ్గర పెట్టింది.

"దాటింది పెద్దమ్మా!"

ఆవిడ గొంతు చాలా సన్నగా వచ్చింది. "తగిలినప్పుడు చేతికేం తెలిసింది?"

"ఏం తెల్వలే. అసలు తగిలినట్టే అనిపియ్యలే."

"అయితే సరిగ్గా తగిలింది," అని నవ్వారు. ఆవిడ నోట నేను విన్న ఆఖరి మాట అదే.

కబురు తెలిసిన మర్నాడు అదే చోటికి వెళ్లాను. ఆవిడ ముక్క పరిచి, బంతి పెట్టి కొట్టాను. చేతులు మోచేతులదాకా జివ్వుమన్నాయి. బంతి రాళ్లలో పడింది. కూర సంగతి అడుగుతారేమోనని అలవాటుగా పక్కకి తిరిగాను.

వెతకడానికి ఒక్కదాన్నే గుంటలోకి దిగాను. వెనక్కి చూస్తే ఆ గడ్డిముక్క ఇసుక మీద పరిచినట్టే ఉంది, ఆవిడ అరగదీసిన బోడి చోటులోకి అప్పుడే కొంచెం ఇసుక చేరింది.