పెట్టె తాళానికి మూడో తోవ

పోయిన గురువారం పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు శ్రీనగర్ కాలనీలో ఒక కొట్లో చక్రాల పెట్టె కొన్నాను. సమయం ఎందుకు గుర్తుందంటే, కొట్టతను తాళం చూపించి "మీకు యాదుండే మూడంకెలు చెప్పండమ్మా, పెడ్తా" అన్నప్పుడు ఎదురుగా ఉన్న గోడ గడియారం వైపు చూశాను. నాకు కావలసిన అంకెలు అది చూపిస్తున్న టైము కాదు, అవి నాకు ముందే తెలుసు. తొమ్మిది, ఒకటి, ఎనిమిది. అంకెల పక్కనే సన్నటి తాళంచెవి రంధ్రం ఒకటి కనిపించింది. దాని చెవి ఏదని అడిగాను. "అది మనకియ్యరమ్మా. ఎయిర్‌పోర్టోళ్ల దగ్గరుంటది. అనుమానమొస్తే వాళ్లే తీసి చూస్తరు" అన్నాడు. అంటే నా పెట్టెకి నా చేతిలో లేని తోవ ఒకటి ఉందన్నమాట. నాకు నవ్వొచ్చింది. అతనూ మర్యాదకి నవ్వాడు. మా ఆయన పోయి అప్పటికి పదకొండు నెలలు. ఉండి ఉంటే ఆ తాళాన్ని అక్కడికక్కడే విప్పి చూపించమని అడిగి, అతను మమ్మల్నిద్దర్నీ బయటికి పంపించేదాకా తెచ్చేవారు.

మా ఆయన సినిమాల్లో కాస్ట్యూమర్. బట్టలు కుట్టేవారనుకుంటారు చాలామంది. కుట్టేది టైలర్లు. కుట్టిన బట్ట ఏ సీనుకి ఎవరి ఒంటి మీదికి వెళ్లాలో, గుండీ ఊడిందా, ఇస్త్రీ చెదిరిందా, నిన్నటి మరక ఇవాళ కూడా ఉండాలా, ఇదంతా కాస్ట్యూమర్ పని. ఆయనది తెనాలి దగ్గర. పద్దెనిమిదేళ్లకి మద్రాసు వెళ్లి, ఒక పెద్ద కాస్ట్యూమర్ కింద చాలా ఏళ్లు అసిస్టెంటుగా ఉండి, పరిశ్రమ ఇటు వస్తుంటే దాని వెనకే హైదరాబాదు వచ్చారు. మధురానగర్‌లో మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. ఆయనా, నేనూ, మా అత్తగారూ. నేను ఒక స్కూల్లో లైబ్రరీ చూసేదాన్ని. అప్పట్లో జూబిలీహిల్స్ అంటే బండలు. బస్సు చెక్‌పోస్టు దగ్గర దించేసి వెనక్కి తిరిగేది. అక్కడి నుంచి సీతాఫలం పొదల మధ్య నడక. మధ్యాహ్నం పూట ఎక్కడో ఒకచోట బండ పేల్చేవారు. ఫిలింనగర్‌లో పునాదులు తీస్తున్న కాలం. స్టూడియో ఫ్లోర్లో షాటు మధ్యలో ఆ చప్పుడు వినిపిస్తే డైరెక్టర్లు తల పట్టుకునేవారు. మా ఆయన మాత్రం, "కొండ కూడా రిహార్సల్ చేసుకుంటోంది" అనేవారు. ఇలాంటి మాటలు రోజుకి ఒకటి అనేవారు. కొన్ని బాగుండేవి.

ఆయనకి సొంతంగా వచ్చిన మొదటి సినిమాకి అరకులో అవుట్‌డోరు. బట్టలన్నీ పెద్ద రేకు పెట్టెలో సర్ది, తాళం వేసి, చెవి జేబులో పెట్టుకున్నారు. ఆ ప్యాంటు ఇంట్లో మేకుకి తగిలించి, వేరే ప్యాంటు వేసుకుని రైలెక్కారు. సాయంత్రం ఇల్లు ఊడుస్తుంటే మేకు దగ్గర చిన్న గలగల వినిపించింది నాకు. అప్పటికి రైలు ఎక్కడుందో. మర్నాడు కొండ మీద యూనిట్టంతా మధ్యాహ్నం దాకా కూర్చుని, చివరికి రాయి పెట్టి తాళం బద్దలు కొట్టారట. ప్రొడక్షన్ మేనేజరు అరవలేదు. అరిచి ఉంటే మా ఆయన మర్చిపోయేవారు. నెమ్మదిగా, అందరూ వింటుండగా, "హీరో డైలాగు మర్చిపోతే షూటింగ్ ఆపుతాం, ఆయన లేకపోతే సినిమా లేదు కాబట్టి. కాస్ట్యూమరు తాళంచెవి మర్చిపోతే ఎందుకాపాలయ్యా? ఇంకొక్కసారి ఇలా జరిగితే నువ్వు మళ్లీ మీ గురువుగారి దగ్గరికెళ్లి ఇస్త్రీ చేసుకో" అన్నారు. ఈ మాటలు ఆయన నాకు వరసగా అప్పజెప్పారు. ఒక్క మాట కూడా పోలేదు. తాళంచెవులు, ఇంటి నెంబర్లు, మా పెళ్లిరోజు మర్చిపోయే మనిషి, ఎవరైనా అన్న మాటని మాత్రం మర్చిపోయేవారు కాదు.

అప్పుడు పుట్టింది ఆ తాళం. తాళంచెవితోనూ తెరుచుకోవాలి, చెవి లేకపోతే అంకెలతోనూ తెరుచుకోవాలి. అంకెల తాళాలు బజార్లో లేకపోలేదు, చెవి తాళాలు ఎలాగూ ఉన్నాయి. రెండూ ఒకే ఒంట్లో ఉన్నది ఆయనకెక్కడా దొరకలేదు. లోపల ఒక ఇనప నాలుక ఉంటుంది, అది కొక్కేన్ని పట్టుకుంటుంది. చెవి తిప్పినా ఆ నాలుకే వెనక్కి పోవాలి, మూడు చక్రాలు సరైన అంకెల మీదికి వచ్చినా ఆ నాలుకే వెనక్కి పోవాలి, కానీ ఒకదాని పనికి ఇంకొకటి అడ్డు రాకూడదు. "ఉమ్మడి కుటుంబం లాంటిది" అని మా అత్తగారి ముందే అన్నారు. ఆవిడ పట్టించుకోలేదు. నేను స్కూలు నుంచి తెచ్చిన పాత కేటలాగు కార్డులు కత్తిరించి చక్రాలు చేశారు. అగ్గిపెట్టెలు, గుండుసూదులు, చొక్కా కాలర్లో పెట్టే అట్టలు, అన్నీ ఆ పనికే. మొదటి నమూనాలో చెవి తిప్పితే చక్రాలు బిగుసుకుపోయేవి. రెండోది ఏ అంకె పెట్టినా తెరుచుకునేది. మా అత్తగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది మంచి మనసున్న తాళంరా" అన్నారు.

ఇనుములో చేసిపెట్టింది యూసుఫ్‌గూడలో ఒక ముసలాయన. గోడకి రేకు ఆన్చి, దాని కింద తాళాలు బాగు చేసేవాడు. గీసిన కాగితం చూడగానే పక్కన పెట్టేశాడు. "తాళమెందుకు సార్, దొంగ రాకుండ. నువ్వేమో ఆనికి ఒక తోవ చాలదని రెండు పెడుతున్నవ్. గట్లయితే ఇది తాళం గాదు, సత్రమైతది" అన్నాడు. మా ఆయన తొణకలేదు. "దొంగ ఎప్పుడో ఒకసారి వస్తాడు తాతా. నేను రోజూ వస్తాను. ఎవరి గురించి ఆలోచించాలి?" అన్నారు. ముసలాయన కాగితం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. మూడు నెలలు పట్టింది. ఆదివారాలు మా ఆయన అక్కడే ఒక డబ్బా మీద కూర్చుని ఉండేవారు. ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటూ ఆకురాయి పట్టేవారు.

ఈలోగా నేనొక సందేహం అడిగాను. చెవి మర్చిపోయి, అంకెలు కూడా మర్చిపోతే? ఆయన ముఖం చిన్నబోయింది. "రెండు చాలు. మూడోది పెడితే మొదటి రెండిటినీ నేనే నమ్మనట్టు" అన్నారు. ఆయన్ని నొప్పించకుండా ఆయన గురించి జాగ్రత్త పడటం నాకు అప్పటికే అలవాటైన పని. ఒక బుధవారం స్కూలు నుంచి వస్తూ యూసుఫ్‌గూడలో దిగి ముసలాయన దగ్గరికి వెళ్లాను. ఆయన విని కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సారుకు చెప్పొద్దంటవా బిడ్డా?" అన్నాడు. చెప్పొద్దన్నాను. "మంచిగుంది. ఇప్పుడిది సత్రం గూడ గాదు, బస్టాండు" అని తాళం అందుకున్నాడు. అడుగున సూదిమొన పట్టేంత బెజ్జం చేసి, దాని మీద గోరంత ఇత్తడి బిళ్ల బిగించాడు. బిళ్లని పక్కకి తోసి, బెజ్జంలో జడపిన్ను గుచ్చి నొక్కితే నాలుక వెనక్కి పోతుంది. బిళ్ల మీద ఒక చుక్క కొట్టాడు. మా ఆయన దాన్ని పనివాడి సంతకం అనుకున్నారు. గౌరవంగా తుడిచేవారు.

తాళం చేతికొచ్చిన నెలకి కొత్త సినిమా ముహూర్తం. నిర్మాత కొత్తవాడే గానీ మేనేజరు పాతాయనే, అరకులో ఆ మాటలన్నాయన. పిలుపు కార్డులో తొమ్మిది గంటల పద్దెనిమిది నిమిషాలకని అచ్చు వేశారు. మా ఆయన ఆ మూడంకెలే తాళానికి పెట్టారు. ఆ రోజు ఫ్లోర్లో ఎవర్నడిగినా చెప్పే అంకెలు అవే కదా, మర్చిపోయే వీలే లేదని ఆయన లెక్క. చెవి మొలతాడుకి కట్టుకున్నారు. ఈసారి దేన్నీ విధికి వదల్లేదు. ముందురోజు సాయంత్రం స్టూడియోలో హీరో, హీరోయిన్ల బట్టలు పెట్టెలో సర్ది, తాళం వేసి, ఆనందం పట్టలేక పూజ చేశారు. మాకు అది మామూలే. ముహూర్తానికి కెమెరాకి బొట్టు పెడతారు, స్క్రిప్టుకి పెడతారు, క్లాపు పలకకి పెడతారు. కత్తెరకి, ఇస్త్రీ పెట్టెకి ఆయన ఎప్పుడూ పెట్టేవారు. ఈసారి తాళానికి. పసుపు, గంధం ముద్దగా కలిపి, ముందు నుంచి పక్కల దాకా నిండుగా పట్టించి, మీద కుంకుమ అద్దారు. అది రాత్రంతా ఆరింది.

నేను పొద్దున చెక్‌పోస్టు దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి కంపెనీ వ్యాన్లో ఫ్లోరుకి చేరేసరికి తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. దండలు, అగరొత్తులు, సున్నం వాసన. పెట్టె చుట్టూ జనం. చెవి రంధ్రంలోకి సగమే దూరుతోంది. చక్రాలు గంధంలో బిగుసుకుని కదలడం లేదు. అసిస్టెంటు సేఫ్టీపిన్నుతో గీకుతున్నాడు. ఎవరో నూనె అన్నారు, ఎవరో కిరసనాయిలు అన్నారు. ఒక లైట్‌మ్యాన్ సుత్తి తెచ్చాడు. పూజారిగారు చెయ్యి అడ్డం పెట్టి, "ముహూర్తం రోజు తాళం పగలగొట్టకూడదు నాయనా. ఇవాళ ఇక్కడ పగలాల్సింది కొబ్బరికాయ ఒక్కటే" అన్నారు. నిర్మాత ముఖం పాలిపోయింది. హీరోయిన్ పొద్దుటి విమానంలో వచ్చింది, మధ్యాహ్నం విమానంలో మద్రాసు వెళ్లిపోవాలి. మేనేజరు మా ఆయన వైపు చూస్తూ, "చెవి మర్చిపోలేదు కదా ఈసారి?" అన్నారు. "లేదండి" అన్నారు మా ఆయన. "అదే అనుకున్నా. నువ్వు గుర్తు పెట్టుకున్నా కష్టమే, మర్చిపోయినా కష్టమే. ఇస్త్రీ అలవాటు పోలేదుగా?" అన్నారాయన. కొందరు నవ్వారు. మా ఆయన నవ్వలేదు. పంచె అంచు పట్టుకుని నిలబడ్డారు. ఆ పూటతో ఆయన పని అయిపోతుందని అక్కడ అందరికీ తెలుసు.

నేను "కొంచెం జరగండి" అన్నాను. దండం పెట్టుకోవడానికి వచ్చాననుకున్నారు కాబోలు, జరిగారు. జడలోంచి పిన్ను తీసి, తాళాన్ని తిరగేసి, బిళ్లని తోసి, గుచ్చి నొక్కాను. మొదటిసారి రాలేదు. రెండోసారి టక్కుమంది. కొక్కెం ఊడి నా చేతిలోకి వచ్చింది, చేతికంతా పసుపు. అప్పుడు తొమ్మిదీ నాలుగు. మేనేజరు, "అమ్మా, మీరేం చదువుకున్నారు?" అని అడిగారు. "లైబ్రరీ సైన్సండి" అన్నాను. ఆయన తలూపారు, అందులో ఇవన్నీ నేర్పుతారన్నట్టు. తొమ్మిదీ పద్దెనిమిదికి హీరో పట్టుపంచె కట్టుకుని కెమెరా ముందు దీపం వెలిగించాడు.

తిరుగు బస్సులో మా ఆయన యూసుఫ్‌గూడ దాకా తాళం ఒళ్లో పెట్టుకుని ఆ బిళ్లని అటూ ఇటూ తోస్తూ కూర్చున్నారు. ఆయనకి మాట దక్కింది, పని దక్కింది, కానీ ఆయన తాళం ఆయనకి తెలియని తోవలో తెరుచుకుంది. చివరికి, "ఎప్పటి నుంచి ఉందది?" అన్నారు. "మొదటి నుంచి" అన్నాను. "ముసలాయనకి తెలుసా?" "ఆయనే చేశాడు." బస్సు ఆగగానే దిగిపోయారు. వెనకే దిగాను. ముసలాయన ముందు నిలబడి, ఇన్ని ఆదివారాలు పక్కన కూర్చుంటే ఒక్క మాట చెప్పలేదేమని నిలదీశారు. ఆయన తల కూడా ఎత్తలేదు. "నువ్వు రెండు తోవలు జెయ్యమన్నవ్, జేసిన. అమ్మ ఒక తోవ జెయ్యమన్నది, జేసిన. నాకు గిరాకీలు ఇద్దరు. ఒకరి సంగతి ఇంకొకరికెందుకు జెప్త?" అన్నాడు. మా ఆయన అలవాటైన డబ్బా మీద కూర్చున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆ సాయంత్రం తాళం బొమ్మ మళ్లీ గీశారు. చెవి దగ్గర "ఒకటి" అని, చక్రాల దగ్గర "రెండు" అని, అడుగున "మూడు, ఆవిడది" అని రాశారు. ఆ కాగితం నా దగ్గరుంది.

తర్వాత అలాంటివి ఇంకో నాలుగు చేయించారు, తోటి కాస్ట్యూమర్లు అడిగితే. పూజప్పుడు బొట్టు మాత్రం ఇక బట్టల పెట్టెకే పెట్టేవారు, తాళానికి కాదు. మేనేజరు పదేళ్లు ఆయన్ని ఏ సినిమాకీ వదల్లేదు. ఇప్పుడు బట్టలు వ్యాన్లలో హ్యాంగర్లకి వేలాడుతూ వెళ్తున్నాయట, పెట్టెలు లేవు. యూసుఫ్‌గూడ గోడ దగ్గర సెల్‌ఫోన్ల కొట్టుంది. ముహూర్తం నాటి తాళం మా బీరువాలో ఉంది. ఎనిమిది అంకె గాడిలో గంధం ఇంకా పోలేదు. నేను తియ్యలేదు.

ఆ ముహూర్తం తర్వాత మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. ఎవరు ఊరెళ్తున్నా గడప దగ్గర ఆగి, చెవి ఎక్కడుందో, అంకెలేవో రెండోవాళ్లకి పైకి చెప్పాలి. మూడోది నేను చెప్పేదాన్ని, ఆయనకి తెలిసినా, తెలియనట్టే వినేవారు. నేను రెండు రోజులకి వైజాగ్ వెళ్తున్నా అంతే, ఆయన వారం రోజులకి రాజమండ్రి వెళ్తున్నా అంతే. ఒకసారి ఆటో తిప్పించుకుని వెనక్కి వచ్చి మరీ చెప్పి వెళ్లారు. రేపు పొద్దున మా చెల్లెలి దగ్గరికి ప్రయాణం. కొత్త పెట్టె సర్దడం అయింది, అంకెలు పెట్టేశాను, ఇది చదివినవాళ్లందరికీ అవేమిటో ఎలాగూ తెలుసు. బయల్దేరే ముందు గడప దగ్గర ఆగి తాళం సంగతి చెప్పడానికి ఇప్పుడు ఈ ఇంట్లో ఇంకొకరు లేరు.