బల్లెక్కిన బొమ్మ

ఈ రోజు కంప్యూటర్‌లో ఒక సదస్సుకు వెళ్లి, చెప్పాల్సింది చెప్పకుండానే తిరిగొచ్చాను. చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లకు ఈసారి ఆటలాంటి ఒక సైట్‌లో సమావేశం పెట్టారు. మనకో బొమ్మనిస్తారు. దాన్ని కీబోర్డుతో నడిపించుకుంటూ వెళ్లి హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాలి. వేములపల్లి వైపు నుంచి మా కాలేజీకి వచ్చే ఆడపిల్లలు డిగ్రీ మధ్యలో ఎందుకు మానేస్తున్నారో నేను ఐదు నిమిషాలు మాట్లాడాలి. వారం నుంచి అదే ధ్యాస.

నడవమంటే నా బొమ్మ ఎగిరింది. దించబోతే అధ్యక్షుల వారి ముందున్న బల్ల మీద వాలింది. ఏ మీట నొక్కినా అక్కడే గుండ్రంగా తిరుగుతుంది తప్ప దిగదు. సూర్యాపేట, కోదాడ బొమ్మలన్నీ బుద్ధిగా కూర్చుని నన్నే చూస్తున్నాయి. "సారీ సర్, దిగుతున్నాను" అని మైకులో అంటూనే ఉన్నాను.

వెనక నిలబడి చూస్తున్న మా అత్తమ్మ అడిగింది.

"సార్ల నడుమ గా బల్లెక్కిందెవలు?"

"నేనే అత్తమ్మా. దిగనీకి వస్తలేదు."

"దిగకుంటేంది? నోరైతే నడుస్తున్నది గదా. ఆడికెల్లే, ఆ బల్ల మీదుండే చెప్పరాదూ."

అప్పటికే నా వంతు దాటిపోయి, కోదాడ సారు మొదలుపెట్టారు. దిగాకే మాట్లాడాలని నాతో ఎవరూ అనలేదు. మైకు మొదటి నుంచీ పనిచేస్తూనే ఉంది. ఆ ఐదు నిమిషాలూ క్షమాపణలకే ఖర్చు చేశాను. ఆ పిల్లల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

బొమ్మను కూర్చోబెట్టే ఉపాయం తెలిసినవాళ్లు కింద రాయండి. దిగకుండానే మాట్లాడే ఉపాయం తెలిస్తే, అది ముందు రాయండి.