మామ మీద కాపలా

మా కాలేజీలో ఫీజు గడువు దాటితే ఎవరూ తిట్టేవారు కాదు, బయటికి పొమ్మనేవారు కాదు. మర్నాడు హాజరు పిలిచేటప్పుడు మన పేరు వినిపించేది కాదు, అంతే. పక్క బెంచీలో ఒకతను అలాగే మాయమయ్యాడు. అతని పేరు తర్వాత పిలవాల్సింది నాదే. ఆ రోజు పిలుపు మధ్యలో వచ్చిన చిన్న ఖాళీ చాలాకాలం నా చెవిలో ఉండిపోయింది.

పందొమ్మిది వందల ముప్పైల చివరి సంగతి ఇది. లాల్‌దర్వాజాలో మాది పాలమ్ముకునే ఇల్లు. మెట్రిక్ పాసై ఇంటర్‌లో చేరతానన్నప్పుడు నాన్న గడ్డి కోస్తున్నాడు. తల ఎత్తలేదు.

"మెట్రిక్ దాకా సదివిస్తే కొట్టం సూసుకుంటవనుకున్న. గీ కాలేజీ ఏంది? ఆడికి పోయినోళ్లు జైళ్ల తేల్తున్రు. నా కాడ పైసల్లేవ్. ఉన్నా ఇయ్య."

"నేనే కట్టుకుంట బాపూ."

"ఎట్ల కడ్తవ్? ఎవని జేబు కొడ్తవ్?"

మొదటి విడత అమ్మ దాచుకున్న దాంతో గడిచింది. రెండో విడతకు ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణదారు కొడుక్కి లెక్కలు చెప్పాను. నెలాఖరున జీతం అడిగితే, "నువ్వు వస్తున్నట్టు మీ బాపుకు ఎరుకేనా?" అన్నాడు. ఆ ప్రశ్నే జీతమని, నాన్నకు చెప్పకుండా ఉండటం తప్ప పైసా రాదని రెండో నెలలో తెలిసింది. ఉప్పుగూడలో ఒక పెద్దమనిషి పేద విద్యార్థుల కోసం చందాలు పోగుచేస్తున్నాడని విని వెళితే, ముందు నన్నే చందా వేయమన్నాడు. ఆ తర్వాత ఎవరైనా సాయం చేస్తానంటే వాళ్ల ముఖం కాక చేతులు చూడటం అలవాటైంది.

అలాంటి రోజుల్లో షాలిబండలో ఒక వకీలు గారింట్లో పిల్లలకు ట్యూషన్ మాస్టరు కావాలని తెలిసి వెళ్లాను. వకీలు భార్య నన్ను వాకిట్లోనే నిలబెట్టి వివరాలడిగింది. మాది పాల ఇల్లని చెప్పగానే ట్యూషన్ మాట పక్కకు పోయింది.

"పాలోళ్ల మోసాలన్నీ తెలిసి ఉంటాయి నీకు."

కొన్ని తెలుసన్నాను.

"మా ఇంటికి పాలాయన పొద్దున్నే బర్రెను తోలుకొచ్చి మా కళ్ల ముందరే పితుకుతాడు. అయినా మీగడ కాగితంలా ఉంటున్నది. ఎక్కడ కలుపుతున్నాడో నాకు దొరకట్లేదు. నువ్వు పక్కన నిలబడి చూడు. నెలనెలా ఇస్తాను."

ఆ రోజుల్లో కాస్త కలిగిన ఇళ్లవాళ్లు కొట్టం నుంచి తెచ్చిన పాలు కొనేవారు కాదు. బర్రె, దూడతో సహా వాకిట్లోకి రావాలి. చెంబు బోర్లించి చూపించాలి. భుజం మీది తువ్వాలు తీసి గోడ మీద పెట్టాలి, ఎందుకంటే తడి తువ్వాలును చేతి మీదుగా పిండితే చెంబులో ఎన్ని నీళ్లు చేరతాయో ఎవరికీ తెలియదు. ఇవన్నీ నాకు నడక వచ్చిన నాటి నుంచి తెలుసు. ఒప్పుకున్నాను.

ఆమెకు తట్టని సంగతి ఒకటుంది. లాల్‌దర్వాజా పాలవాళ్లలో ఒకరికొకరు చుట్టం కానివారు లేరు. మర్నాడు తెల్లవారగానే బర్రెను తోలుకుంటూ వాకిట్లోకి వచ్చినవాడు మా మేనమామ.

నన్ను చూసి ఆగాడు. ఇంట్లోంచి ఆమె చూస్తోంది. చుట్టరికం బయటపెట్టొద్దని కళ్లతోనే సైగ చేశాను. మామ గొంతు పెంచాడు.

"ఈ సారెవరమ్మా? కొత్త కొత్వాలా?"

"నీ చెంబు చూసేటందుకు పెట్టిన" అన్నదామె.

"సూడమనుండ్రి, మస్తుగ సూడమనుండ్రి" అని చెంబు నా ముక్కు కింద బోర్లించాడు. పితుకుతున్నంతసేపూ నాకు మాత్రమే వినపడేట్టు గొణిగాడు. "మీ అమ్మకు చెప్తనుండు. తోడబుట్టినోని మీద కాపలా ఉన్నది నీ కొడుకేనని."

ఆయన వేళ్లనే చూస్తూ నిలబడ్డాను. సిగ్గుగానే ఉంది. అయినా చూపు తిప్పుకోలేదు. మామ నిజంగానే కలుపుతున్నాడేమోనన్న అనుమానం నాకూ ఉంది. చిన్నప్పుడు ఆయన భుజాన ఎక్కి తిరిగినవాణ్ని కాబట్టి, ఆ తువ్వాలు ఎప్పుడూ తడిగానే ఉండేదని కూడా తెలుసు.

కొన్ని వారాలు గడిచాయి. మీగడ మారలేదు. ఫీజు గడువు దగ్గరపడి జీతం ముందుగా ఇమ్మని అడిగితే ఆమె నన్ను తేరిపార చూసింది.

"దొంగతనం పట్టియ్యి. ఫీజు మొత్తం నేనే కడతా. పట్టియ్యలేదనుకో, నువ్వూ వాడూ ఒకటేనని అనుకుంటా."

మర్నాడు చెంబులోంచి ఒక చుక్క తీసి బొటనవేలి గోరు మీద వేసుకున్నాను. నీళ్లు కలిసిన చుక్క జారిపోతుంది. ఇది కదలకుండా నిలబడింది. మామ నిమ్మళంగా నవ్వాడు. "ఏమైంది కొత్వాల్ సాబ్? దొంగ దొరకలేదా?"

మామ కాకపోతే ఇంకెవరు? పాలచెంబు లోపలికి వెళ్లాక, నీళ్లు తాగే నెపంతో పెరటి బావి దగ్గరకు వెళ్లాను. వకీలు తల్లి, ముసలావిడ, వంటింటి వెనక నిలబడి పాలు మరో చెంబులోకి వంపుతోంది. పెరటి గోడ అవతలి నుంచి ఒక చేయి పైకి లేచింది. ముసలావిడ ఆ చెంబు అందించింది. తగ్గినంత మేరకు బావి నీళ్లు పోసింది. గోడ అవతల ఉండేది ముసలావిడ కూతురు. వకీలు భార్యకూ ఆ ఇంటికీ మాటల్లేవని అంతకుముందే విని ఉన్నాను.

ముసలావిడ నన్ను చూసింది. భయపడలేదు.

"ఎంత ఇస్తనన్నది?"

"ఫీజు" అన్నాను.

చేతి వెండి కడియం తీయబోయింది. "ఇది తీస్కపో. నోరు మూస్కో."

కడియం చూడగానే ఒక్క క్షణం నోరూరింది, అబద్ధమెందుకు. కానీ మరుక్షణం ఇంకొక దృశ్యం కళ్ల ముందు కదిలింది. సాయంత్రానికి ఈమె కడియం పోయిందని లొల్లి పెడుతుంది, పాలవాడి కొడుకు ఎత్తుకుపోయాడంటుంది, నా మాట వినేవాళ్లు ఉండరు. వద్దని వచ్చేశాను. ఆమె నిజంగానే ఇవ్వబోయిందా, నేను భయపడ్డట్టే చేసేదా, నాకు ఇప్పటికీ తెలియదు.

గడువుకు ముందు రోజు ఉదయం దూడకు జబ్బుచేసి మామ దాన్ని తీసుకురాలేదు. దూడ మూతి పెట్టనిదే బర్రె పాలు చేపదు. మామ ఎంత నిమిరినా ఒక్క చుక్క దిగలేదు. ఆ బర్రె మా కొట్టంలో పుట్టింది, నా చేతి గడ్డి తిని పెరిగింది. ఏమీ ఆలోచించకుండా దగ్గరకు వెళ్లి, డొక్క మీద చెయ్యి వేసి, ఇంట్లో చేసే చప్పుడే నాలుకతో చేశాను. బర్రె తల తిప్పి నా మోచెయ్యి నాకింది. పొదుగు పాలతో నిండింది. మామ చెంబు అందుకున్నాడు.

వాకిట్లో ఆమె గొంతు వినిపించింది.

"ఈ బర్రె నిన్నెట్ల గుర్తుపట్టింది?"

నేనూ మామా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"ఆయన మా మేనమామ అమ్మా."

"అనుకున్నా! ఇన్నాళ్లూ మేనల్లుడే కాపలానా? ఇద్దరూ పంచుకుంటున్నరా?"

ఫీజు పోయిందని అప్పుడే అనుకున్నాను. పెరట్లో చూసింది చెబితే ముసలావిడ కాదంటుంది, చుట్టం కోసం అబద్ధమాడాడంటారు. చెప్పకపోతే మామకు ఈ ఇల్లు పోతుంది, దీనితో పాటు ఈ వీధిలోని ఇళ్లన్నీ పోతాయి. ఆ వాకిట్లో నన్ను నమ్మేది బర్రె ఒక్కటే.

"మా మాట నమ్మకండి. కుంపటి ఇక్కడికే తెప్పించండి. ఈ పాలు లోపలికి పోకుండా మీ కళ్ల ముందరే కాచండి" అన్నాను.

ఆమె లోపలికి కేక వేసింది. తర్వాత కుంపటి వాకిట్లోకి వచ్చింది. పాలు పొంగాయి. చల్లారేదాకా మామ గోడకానుకుని బీడీ కాల్చాడు, నేను కాలేజీ వేళ దాటుతుండటం చూస్తూ కూర్చున్నాను. ఆమె పుల్లతో మీగడ ఎత్తింది. అది మందంగా, గుడ్డ ముక్కలా లేచింది.

ఆమె వంటింటి వైపు చూసింది. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఎవరు?" అంది నెమ్మదిగా.

"నా కాపలా వాకిలి దాకానే అమ్మా."

లోపలికి వెళ్లి రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "రేపటి నుంచి రాకు. ఇక్కడి సంగతి బయట ఎక్కడా అనకు."

అది జీతమో, నోటికి వేసిన తాళమో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. గోడ మీదికి ఆ చేయి మళ్లీ లేచిందో లేదో కూడా నాకు తెలియదు.

వీధిలోకి వచ్చాక మామ నా వీపు మీద చరిచాడు. "నా ఏళ్లనే సూసినవ్ గద రోజూ, దొంగను సూసినట్టు?"

"సూసిన."

"కలుపుతున్న అనుకున్నవా?"

"అనుకున్న మామా."

"గట్లనే ఉండాలె. ఇంకో ఇంట్ల కలుపుత" అని నవ్వి, బర్రెను అదిలించి ముందుకు సాగాడు. అది వేళాకోళమో నిజమో ఆయన ముఖం చూసి కనిపెట్టలేకపోయాను.

మర్నాడు కాలేజీలో ఫీజు కట్టే కిటికీ దగ్గర గుమాస్తా నా రూపాయలు తీసుకుని, ఒక్కొక్కదాన్నే రాతి పలక మీద కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "కహాఁసే లాయే?" అంటూ ఎక్కడివో అడిగాడు, తల ఎత్తకుండా.

"కాపలా కాసి సంపాదించిన" అన్నాను. నమ్మినట్టు కనపడలేదు. చివరి రూపాయిని మరోసారి మోగించాడు. నాకు కోపం రాలేదు. నేనూ కిటికీకి దగ్గరగా వంగి ఆ మోత విన్నాను, ఆమె ఇచ్చింది మంచిదో కాదో నాకూ తెలియదు కాబట్టి. మంచిదే. రసీదు మీద ముద్ర పడింది.

తరగతిలో హాజరు మొదలైంది. నా పేరు పిలిచారు.