ఆత్మకు దారి

డాక్టర్ ఇర్మ్‌ట్రౌట్ శవాల మీద ఎన్నడూ విసుక్కోలేదు. ఆమె విసుగంతా బతికున్నవాళ్ల మీదే. జర్మన్ ఇళ్లలో మనిషి పోతే ముందు కిటికీ తెరుస్తారు. ఆమె మాత్రం కోటైనా విప్పకుండా, కళ్లజోడు నుదుటికెక్కించి, శవంలో ఎంత వేడి మిగిలిందో, గదిలో ఎంత ఉందో కొలిచి, ప్రాణం పోయిన వేళ లెక్కగట్టాలి. ఆ జనవరి ఉదయం, తలకు దెబ్బ తగిలి పడి ఉన్న ముసలి హార్ట్‌విగ్ గదిలో మంచుగాలి ఈల వేస్తోంది.

"మళ్లీ తెరిచావా? మీ పోలీసు బళ్లో మొదటి పాఠం ఇదేనా, డెట్లెఫ్?"

"నేను ముట్టుకోలేదు డాక్టర్‌గారూ, ఒట్టు," అన్నాడు కానిస్టేబుల్.

"మరి గాలే గడియ తీసుకుని వచ్చిందా?"

డెట్లెఫ్ గొంతు తగ్గించి, గుమ్మంలో నిలబడ్డ మేనల్లుడు ఓట్‌మార్‌ను చూపించాడు. రాత్రి మామతో పోట్లాడి వెళ్లిపోయాడట. అతను వెళ్లాక ముసలాయన పోయాడని తేలితే ఇంటికి, లేకపోతే జైలుకి.

"ఈ చలికి ఒళ్లు ఎంత త్వరగా చల్లారిందో ఇక దేవుడు కూడా చెప్పలేడు," అని ఆమె మండిపడింది. "ఎవరా మహానుభావుడు?"

"నేనేనండీ," అన్నాడు ఓట్‌మార్. "పొద్దున రాగానే తెరిచాను. మామయ్య ఆత్మ బయటికి పోవాలి కదా."

ఆమె తిట్టకుండానే వెళ్లి కిటికీ మూసింది. ఆత్మ వెంట మేనల్లుడిని కాపాడగల సాక్ష్యం కూడా ఎప్పుడో వెళ్లిపోయింది.