మెటల్ పని

తొంభై ఆరు మే నెల, రెండో శనివారం, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలు. ఉదయగిరిలో మా పేట చివరి రేకుల షెడ్డులో మా తమ్ముడు తన సంగీతం వినిపించాడు.

అంతకుముందు వాడు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. మద్రాసులో ఎవరో ఇచ్చిన, బ్లాక్ మెటల్ అనే విదేశీ సంగీతం క్యాసెట్లు విని మారిపోయాడు. సింథసైజరు కొని, దాంట్లో కొండగాలి లాంటి మోత పుట్టించి, దాని మీద గిటారు గీకుతూ గొంతు చించుకునేవాడు. అన్నీ తనొక్కడే. ముఖానికి తెల్లరంగు, కళ్ళ చుట్టూ మసి, ఒంటికి నల్ల గౌను.

"మనోళ్ళు ఒక్కసారి చివరిదాకా కూర్చోని వినాల అక్కా. లేచిపోయినారంటే ఇదంతా అమ్మేసి, ఆత్మకూరులో సిమెంటు కొట్లో చేరిపోతా" అన్నాడు.

బోర్డు రాయమని నన్నే అడిగాడు. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దినదాన్ని. వాడు చెప్పినట్టే రాశాను: "బ్లాక్ మెటల్. శనివారం నాలుగు గంటలకు. అందరూ రండి." దాన్ని బస్టాండులో కట్టాడు.

షెడ్డు నిండిపోయింది. దాదాపు అందరి చేతుల్లో సుత్తులు, గంపలు. రోడ్ల పక్కన రాయి కొట్టే మాకు మెటల్ అంటే కంకర. అది వానల్లేని, పనుల్లేని ఏడు. తమ్ముడు కిటికీలకు గోనెపట్టాలు కట్టి, తన ముఖం మీద మాత్రం ఒక బల్బు పెట్టుకున్నాడు. ఆ చీకట్లో సుత్తులు వాడికి కనపడలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఏందిరా ఈ వేషం? బూడిద గుమ్మడికాయ మాదిరి ఉండాడు" అన్నాడు పేట పెద్దాయన.

"నోరు మూసుకోని కూర్చో మామా, పని చెప్పే మేస్త్రీ రావద్దా?" అంది గంపతో వచ్చిన ఒకామె.

మోతకు రేకులు అదిరాయి. వాడి అరుపు, మా నాయన పోయిన పూట మా అమ్మ అరిచినట్టే ఉంది. గంటసేపు ఒక్కరూ లేవలేదు.

"చూసినావా అక్కా, ఒక్కరన్నా లేచినారా?" అంటూ వచ్చాడు. చెమటకు రంగు కారుతోంది. అంత సంతోషం వాడి ముఖాన నేనెప్పుడూ చూడలేదు.

పెద్దాయన గంప ఎత్తుకున్నాడు. "డ్రామా బాగానే ఉండాది గానీ అబ్బయా, మెటల్ ఎక్కడ కొట్టాల? కూలి ఎంత?"

వాడు సుత్తుల వైపు చూశాడు. సోమవారం సింథసైజరు మోసుకుని ఆత్మకూరు బస్సెక్కాడు. తిరిగి ఏనాడూ వాయించలేదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళం: నేను, తమ్ముడు, మైకుసెట్టతను, పేట పెద్దాయన, ఆయన ఇద్దరు కోడళ్ళు, వరికుంటపాడు నుంచి బస్సుకు వచ్చిన కూలీలు, ఆ నెలలోనే బిడ్డను మట్టిచేసిన మా పక్కింటామె. ఆమె సుత్తి తేలేదు. అందరూ వెళ్ళాక కూడా కూర్చునే ఉంది. వాడు చూడలేదు.