సంవత్సరీకానికి ముందే తీర్చిన బాకీ

ఎడ్లను అప్పగించే రోజు పైడితల్లి వాటికి రెండుసార్లు కుడితి పెట్టింది. మామూలుగా సాయంత్రం ఒక్కసారే పెడుతుంది. అవి వెళ్లేది దూరం కూడా కాదు. కొన్న కూర్మినాయుడి ఇల్లు నాలుగిళ్ల అవతలే.

ఊరు ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో, నారాయణపట్న దాటాక కొండ వాలులో ఉంటుంది. ముప్పై గడప. అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. పైడితల్లికి అప్పుడు నలభై రెండేళ్లు. మొగుడు ఎర్రయ్య పచ్చకామెర్లతో పోయి పదకొండు నెలలు దాటింది. పిల్లలు లేరు. అతను వదిలి వెళ్లినవి రెండెకరాల ముప్పై సెంట్ల పల్లపు భూమి, ఆ ఎడ్ల జత, సహకార సంఘంలో తన పేరున ఒక అప్పు. విత్తనాలకూ ఎరువుకూ అతను తీసుకున్నది ఆరు వందలు. ఆ ఏడు వాన పడలేదు. వడ్డీతో కలిపి ఏడు వందల ఎనభై అయింది.

చనిపోయినవాడి పేరున బాకీ ఉండగా ఆ ఊరి ఇళ్లలో సంవత్సరీకం పెట్టరు. పెడితే పిండం కాకి ముట్టదంటారు. తండ్రి పోయినప్పుడు ఎర్రయ్య కూడా సావుకారు బాకీ ముందు తీర్చి, ఆ తర్వాతే కర్మ చేశాడు. సావుకారు వేరు, ప్రభుత్వ సంఘం వేరు అనే తేడా పైడితల్లికి లేదు.

సంఘం కార్యదర్శి సోమయాజులు. తాత కాలంలో విజయనగరం నుంచి వచ్చి జమీందారీ కచేరీలో కుదురుకున్న కుటుంబం. వసూళ్లు అతని ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి, డబ్బు బల్ల మీద పెడుతుంటే వద్దన్నాడు.

“రెండు నెలలు ఆగవే పైడితల్లీ. అప్పులు రద్దు చేస్తారని భువనేశ్వర్ నుంచి మాట వినపడుతోంది. మీ ఊళ్లో ఒక్కడు కడుతున్నాడేమో చూడు.”

“వొచ్చే మంగలారం మా ఆయన సమచ్చరీకం, పంతులు గోరూ. రెండు నెల్లు ఆయన్ని గుమ్మంలో నిలబెట్టమంటావేటి?”

“రద్దయితే బాకీ తీరినట్టే కదా!”

“ఎవులో తుడిసేత్తే తీరినట్టు ఎలగవుద్ది బాబూ? ఆయన తీసుకున్నాడు, నాను కట్టాల. రసీదు రాయి.”

రాశాడు.

ఎడ్లకు వచ్చింది ఎనిమిది వందల యాభై. బాకీ పోగా మిగిలిన డెబ్బై రూపాయలు సంవత్సరీకానికి సరిపోయాయి. ఆ మంగళవారం పిండం పెట్టి ఇటు తిరిగేలోగా కాకి వచ్చి ముట్టింది.

పందొమ్మిది రోజుల తర్వాత సంఘం గోడకు కాగితం అంటించారు. గడువు దాటిన చిన్న రైతుల అప్పులు రద్దు. కట్టేసినవి వాపసు ఇవ్వరు. రెండు వందల పద్నాలుగు మంది సభ్యుల్లో నూట తొంభై మంది పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. కూర్మినాయుడి పేరున తొమ్మిది వందలు కొట్టేశారు. పసుపు అమ్మగా వచ్చిన డబ్బు అతను సంఘానికి కట్టాలనే దాచాడు. పంతులు ఆగమంటే ఆగి, దానితోనే పైడితల్లి ఎడ్లను కొన్నాడు.

ఆ వారం సంతలో ఇదే మాట.

“కట్టినోడు ఎర్రోడు, ఎగ్గొట్టినోడు మారాజు” అని ఒకడు అన్నాడు.

“నీ ఇంట్లో బిందెలు జప్తు చేసి పట్టుకుపోయుంటే అప్పుడు సెప్పుదువులే” అని ఇంకొకడు తగులుకున్నాడు. నిరుడు సంఘం వాళ్లు అతని ఇంట్లో రెండు ఇత్తడి బిందెలు పట్టుకుపోయారు. రద్దు రాకపోతే ఈ ఏడు భూమి పోయేది. ఇద్దరు చెప్పిందీ నిజమే.

మర్నాడు పైడితల్లి రసీదు పట్టుకుని సోమయాజులు దగ్గరికి వెళ్లింది.

“ఈ కాయితం నువ్వే ఉంచుకో బాబూ. నా డబ్బు నాకిచ్చీ.”

“ఆ రోజు నేనెంత చెప్పాను!”

“సెప్పేవు. కాదనను. కాకి ముట్టింది, ఆయన ఎల్లిపోయేడు. ఇప్పుడు దున్నాల్సింది నాను గదా.”

డబ్బు కోరాపుట్ ఎప్పుడో చేరింది. సోమయాజులు తన చేత్తోనే అర్జీ రాసి పంపాడు. నెల తిరక్కుండా ఒడియాలో ఒక్క వాక్యం జవాబు వచ్చింది. రద్దు బాకీదారులకే వర్తిస్తుంది.

ఈలోగా తొలకరి పడింది. ఊరు మొత్తానికి ఎడ్ల జతలు పదకొండు. పదును ఆరు రోజులే. కూర్మినాయుడు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

“నా సెక్క అయిపోగానే నీది దున్నేస్తాను వదినా. కూలొద్దు.”

“ముందు నీది కానీ.”

“ఎడమది నా మాట ఇనటం లేదు. ఒక్కపాలి ఒచ్చి కేకెయ్యి.”

పైడితల్లి వెళ్లి అతని గట్టు మీద నిలబడి కేకేసింది. ఎద్దు కదిలింది. ఆమె మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి అతని పొలం దున్నించింది. అతనికి తన భూమి, సొంత అన్న భూమి ముగిసేసరికి ఆ ఆరు రోజులూ అయిపోయాయి. అప్పటికి ఆమె పొలం గట్టిపడింది. మళ్లీ వాన పడేదాకా నాగలి దిగలేదు. ఆకుమడిలో నారు ముదిరిపోయింది. ఆ ఏడు ఎకరం బీడు పెట్టింది.

మరుసటి ఏడు సంఘం కొత్త అప్పులకు దరఖాస్తులు తీసుకుంది. బాకీ లేకుండా సొంతంగా కట్టినవాళ్లకు మొదటి అవకాశం. సోమయాజులు ఫారం పట్టుకుని సైకిల్ మీద ఆమె ఇంటికే వచ్చాడు. ఎడ్ల కోసం పన్నెండు వందలు రాసి, వేలిముద్ర వేయించుకున్నాడు. ఫారం కోరాపుట్ వెళ్లి తిరిగొచ్చింది. భూమి పట్టా ఇంకా ఎర్రయ్య పేరునే ఉంది. పేరు మార్పు అర్జీ తహసీలు కచేరీలో పడి ఏడాది దాటింది. చనిపోయినవాడికి అప్పు ఇవ్వడం కుదరదన్నారు.

“నువ్వు మాత్రం ఏటి సేత్తావు” అంది పైడితల్లి. అతనికి మజ్జిగ ఇచ్చింది. అతను తాగకుండానే వెళ్లిపోయాడు.

జ్యేష్ఠంలో ఆమె భూమిని కూర్మినాయుడికే సగం పాలుకు ఇచ్చింది. తెలిసినవాడు, అరక ఉన్నవాడు. ఊళ్లో ఎవరూ తప్పు పట్టలేదు. ఆ పొలంలో నాట్లకు కూర్మినాయుడు ఎనిమిది మంది ఆడకూలీలను పెట్టాడు. వారిలో పైడితల్లి ఒకతె. కూలి రోజుకు మూడు రూపాయలు.